నలభై మెషిన్లు, ఒక్క గొలుసు

ఉదయం పదకొండింటికి మల్కాపురం బస్టాపులో ఏజెంట్ చలమయ్యని సైలెన్సర్ పిస్టల్‌తో కాల్చేశారు. పన్నెండు కల్లా అతని పెన్‌డ్రైవ్ సాటి ఏజెంట్ టిమోతి చేతికొచ్చింది. ఏసీ మెకానిక్ వేషంలో టిమోతి దగ్గర్లోని కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో దూరాడు.

చీఫ్ గురునాథరావు ఫోన్లో క్లుప్తంగా చెప్పాడు. "జెట్టీలో గ్యాస్ ట్యాంకర్. కంట్రోల్ విదేశీ ముఠా చేతిలో. ఒంటిగంటకి వాల్వులు తెరుచుకుంటాయి. ఆపే కోడ్ ఆ పెన్‌డ్రైవ్‌లో లాక్ అయి ఉంది. ఊరు ఖాళీ చేయించే టైం లేదు."

ల్యాబ్ ఇంజనీర్ దేవిశ్రీ స్క్రీన్ చూసింది. "రెండు లాకులు సార్. మొదటిదానికి కోట్ల నంబర్లు ట్రై సెయ్యాలి. ఒక్క మెషినైతే పదమూడు గంటలు దాటతాది. నలభై మెషిన్లకి తలో వాటా పంచేత్తే ఇరవై నిమిషాలు."

పన్నెండూ ఇరవైకి మొదటి లాక్ విడిపోయింది. టిమోతి నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"రెండోది గొలుసు సార్. ప్రతి లెక్కకీ దాని ముందు లెక్క జవాబు కావాలి. పంచడం అవదు."

"నలభై ఉన్నాయిగా?"

"ఓడలో సరుకు నలభై కూలీ జట్లు దించొచ్చు. హార్బర్ ఇరుకు ఛానెల్లోకి ఓడలు మాత్రం ఒకదానెనక ఒకటే రావాలి. ఏటి సేత్తాం? గంట పడతాది."

ముప్ఫైతొమ్మిది మెషిన్లు ఊరికే కూర్చున్నాయి. కిటికీలోంచి రిఫైనరీ చిమ్నీలు, వాటి కింద కిక్కిరిసిన ఇళ్ళు కనిపిస్తున్నాయి. టిమోతి చెల్లెలు మిరియం ఇల్లు ఆ వరసలోనే.

టిమోతి ఫోన్ మోగింది. అవతల ఆడగొంతు. "వంజరం చేప ఉందా?"

"కవ్వళ్ళే ఉన్నాయి," అన్నాడు టిమోతి. గుర్తుమాట కుదిరింది. ఫోన్లో ఉన్నది ముఠా నాయకుడి పక్కన పట్టుచీరల్లో మెరిసే నీలిమ, రెండేళ్ళుగా మన మనిషి.

"గొలుసు మధ్య జవాబు ఈడి ల్యాప్‌టాప్‌లో ఉంది. అక్కణ్ణించి మొదలెడితే సగం టైమే."

"తెరిస్తే నువ్వని తెలిసిపోతుంది."

"తెలుస్తాది. రాసుకో."

ముప్ఫైరెండు గుర్తులు. ముప్ఫైఒకటో గుర్తు చెప్పగానే తలుపు బద్దలైన చప్పుడు. తర్వాత ఒకే ఒక్క షాట్.

టిమోతి రాసిన కాగితం దేవిశ్రీ ముందు పెట్టాడు. "ఆఖరిది వినబడలేదు."

"ఈ లెక్కల్లో వాడేవి పదహారు గుర్తులే, వాటిల్లో ఏదో ఒకటి సార్," అంది దేవిశ్రీ. ఆ వెంటనే లేచి నిలబడింది. "పదహారు మెషిన్లు! ఒక్కోదాన్లో ఒక్కోటి పెడదాం. అన్నీ ఒకేసారి నడుత్తాయి."

పన్నెండూ యాభైతొమ్మిది. పదిహేను స్క్రీన్ల మీద చెత్త అక్షరాలు. పదకొండో మెషిన్ మీద కోడ్. నాలుగు సెకన్లు మిగిలి ఉండగా వాల్వులు బిగుసుకున్నాయి.

సాయంత్రం రిపోర్ట్ ఫారంలో మృతులకి రెండే గడులున్నాయి: మనవాళ్ళు, శత్రువులు. నీలిమ పేరు మన రికార్డుల్లో ఎక్కడా లేదు కనుక రెండో గడిలో రాయమన్నాడు చీఫ్. ఇంత పకడ్బందీ మారువేషం ఏ ఏజెంటుకీ దొరకదనుకుంటూ టిమోతి రాశాడు.