ఫొటో మాత్రం ఆయనదే

ఆదివారం పొద్దున చాయ్ తాగుతూ ఖాజా పాషా ఫోన్ తెరిచాడు. చాయ్ నోటిదాకా పోలేదు. ఎవరో లోకల్ చానల్ వాళ్లు పెట్టిన వార్త. ‘పెళ్లి పేరుతో మోసం, రఘునాథపల్లి యాకూబ్ అరెస్ట్’. కింద ఫొటో. వచ్చే నెల తన బిడ్డ ఆసిమాను చేసుకోబోయే యాకూబ్‌దే ఆ ఫొటో.

అతను మాటలు తక్కువ మనిషి. ఎవరినీ పిలవలేదు. వార్తను చుట్టాల గ్రూపులో పెట్టి, ‘ఈ సంబంధం మాకొద్దు’ అని రాశాడు. ఆ తర్వాతే భార్యకు చెప్పాడు.

తాహెరా బేగం పొయ్యి ఆర్పేసి వచ్చింది.

“వాళ్లను ఒక్క మాట అడగొద్దా?”

“ఏం అడగాలె? మొఖం కనబడ్తలేదా?”

“ఎనుమాముల మార్కెట్ల మిర్చి కొనేటప్పుడు బస్తా అడుగుదాకా చెయ్యి పెడ్తవ్. పైకాయ జూసి ఏనాడన్న కొన్నవా? బిడ్డ బతుకుకైతే పైపైన జూస్తె సాలునా?”

“సాలిచ్చెయ్. రేపు ఆ పిల్ల ఏడిస్తె నువ్వు తుడుస్తవా?”

లోపలి గదిలో ఆసిమా అంతా వింటూనే ఉంది. బయటికి రాలేదు.

ఎండ నెత్తికెక్కేసరికి ఖిలా వరంగల్‌లోని ఖాజా పాషా ఇంటి ముందు ఆటో ఆగింది. యాకూబ్ తల్లి దిగింది. మంచినీళ్లిస్తే ముట్టలేదు. తన కొడుకుకు పెట్టిన నిశ్చితార్థం ఉంగరం తీసి మంచం మీద పెట్టింది.

“మీ ఉంగరం మీకు తెచ్చిన భాయ్. నువ్వు పెట్టింది మా ఊరి దాకా వచ్చింది. నా కొడుకు గ్యారేజ్ ముంగట నిలవడి నవ్వుతాండ్రు. వాడు షట్టర్ దింపుకొని లోపల కూసున్నడు. పిలిస్తె పలుకుతలేడు. నాకు భయమైతాంది.”

“నేను పుట్టిచ్చిన్నా చెల్లె? వార్తల వచ్చింది.”

“పట్టుకపోయింది వేరేటోన్ని. అన్నారం యాకూబ్ బాబా దర్గాకు మొక్కితె పుట్టినోళ్లంత మా దిక్కు యాకూబ్‌లే. ఫేస్‌బుక్‌ల పేరు కొట్టి, దొరికిన ఫొటో అంటిచ్చిండ్రు.”

“ఏ తల్లైనా అట్లనే అంటది.”

ఆ మాటకు ఆసిమా బయటికి వచ్చింది. చేతిలో ఫోన్ ఉంది.

“అబ్బా, వార్త మొత్తం చదివినవా?” అని తండ్రిని అడిగింది.

“ఎందుకు చదువుడు?”

“నేను చదివిన. శుక్రవారం పొద్దుగూకంగ రఘునాథపల్లి కాడ పట్టుకున్నరంట.” “ఆ యాళ్లకు యాకూబ్ ఎక్కడున్నడు అబ్బా?”

ఖాజా పాషాకు అప్పుడు గుర్తొచ్చింది. శుక్రవారం సాయంత్రం యాకూబ్ ఇదే ఇంట్లో ఉన్నాడు. తన పాత స్కూటర్ బాగుచేసి, చేతులు కడుక్కుని, తన పక్కనే కూర్చుని అన్నం తిన్నాడు.

“నీ చేత్తోనే వడ్డిస్తివి. నీ కండ్ల కంటే ఆ ఫోన్ ఎక్కువాయెనా?” అంది ఆసిమా.

అతను ఫోన్ అందుకున్నాడు.

“తప్పైందని గ్రూపుల పెడ్త.”

“పెట్టు భాయ్,” అంది యాకూబ్ తల్లి. “కని మొదటిది చదివినోళ్లు రెండోది చదువరు.”

ఆసిమా మంచం మీది ఉంగరం తీసి తండ్రి అరచేతిలో పెట్టింది. అతను చెప్పులేసుకుని యాకూబ్ తల్లి వెంట బయల్దేరాడు.

రఘునాథపల్లిలో గ్యారేజ్ ముందు ఇంకా జనం ఉన్నారు. ఏనాడూ గొంతెత్తని ఖాజా పాషా వాళ్ల మధ్య నిలబడి చెప్పాడు.

“శుక్రవారం ఈ పిలగాడు మా ఇంట్ల అన్నం తిన్నడు. పట్టుకపోయింది ఈయనను గాదు. అడగకుండ, చదవకుండ అందరికి పంపింది నేను. నవ్వితె నన్ను జూసి నవ్వుండ్రి.”

తర్వాత షట్టర్ మీద చేత్తో తట్టాడు.

“బేటా, నేను. జర తియ్యి.”

చాలాసేపటికి షట్టర్ సగం లేచింది. యాకూబ్ కళ్లు ఉబ్బి ఉన్నాయి.

“ఒక్క ఫోన్ జేస్తె ఐపోతుండె గదా మామూ.”

“అవును బేటా. చెయ్యలే.”

“ఆసిమా గూడ నమ్మిందా?”

“లేదు. నేనొక్కన్నే నమ్మిన.” ఉంగరం పట్టుకున్న చెయ్యి చాపాడు. అంతలోనే అతనికి ఏడుపు ముంచుకొచ్చింది.

యాకూబ్ ఆ చేతిని పట్టుకున్నాడు. రెండో చేత్తో షట్టర్‌ను పూర్తిగా పైకి నెట్టాడు.