ఏరియేటర్ కేసులో రెండో ప్రతివాది

రాజోలులో హేమంత్‌ది రొయ్యల చెరువుల సామాను అమ్మే షాపు. జోరువానలో ఓ మధ్యాహ్నం, తడిసిన నల్లకోటుతో ఒక అమ్మాయి లోపలికొచ్చింది. కస్టమరనుకుని కుర్చీ తుడిచి మరీ వేశాడు. ఆమె కూర్చోలేదు.

తన పేరు లక్ష్మీతులసి అనీ, అమలాపురంలో లాయర్ననీ చెప్పింది. అంతర్వేది రొయ్యల రైతు గంగరాజు హేమంత్ దగ్గర ఏరియేటర్ కొన్నాడు. చెరువు నీటికి గాలి పట్టించే ఆ యంత్రం షాక్ కొట్టి గంగరాజు కుడిచెయ్యి కాలిపోయింది. అందుకే గంగరాజు తరఫున తయారీ కంపెనీ మీదా, హేమంత్ మీదా కేసు వేస్తోందట.

"నేను తయారు చేయలేదు కదండీ. అమ్మేనంతే," అన్నాడు హేమంత్.

"కంపెనీ సంగతెలా ఉన్నా నాది పూచీ అని గంగరాజుగారికి చెప్పలేదాండీ?"

"ఆయ్, చెప్పేను. బేరం కుదరాలి కదండీ."

"సొంతంగా పూచీ ఇస్తే అమ్మినవాళ్లూ బాధ్యులేనండీ. మీరు రెండో ప్రతివాది."

తనమీద ఇంత చల్లగా కేసు పెట్టే మనిషికి అంత అందమైన కళ్లుండటం అన్యాయమనిపించింది హేమంత్‌కి.

తర్వాత కంపెనీ మనిషి వచ్చాడు. గంగరాజు తడిచేతులతో వైర్లు కెలికాడని విచారణలో చెబితే చాలునన్నాడు, లేకపోతే డీలర్‌షిప్ పోతుందన్నాడు. హేమంత్ ఏమీ తేల్చకుండా అంతర్వేది వెళ్లాడు. అక్కడ గంగరాజుకి భార్య చిట్టెమ్మ అన్నం కలిపి నోటికందిస్తోంది. హేమంత్‌ని చూసి ఆమె తిట్టలేదు, ఇంకో కంచం పెట్టింది.

తిరిగొచ్చి, గోడౌనులో మిగిలిన అదే రకం మోటారు విప్పించాడు. లోపల వైరు మీద తొడుగు ఊడి, తీగ ఇనుప బాడీకి తగులుతోంది.

వినియోగదారుల కమిషన్ ముందు లక్ష్మీతులసి అతన్ని అడిగింది, గంగరాజు తప్పేమైనా ఉందా అని.

"లేదండీ. లోపం తయారీలోనే ఉంది. ఎర్త్ వేయకపోతే ప్రమాదమని కంపెనీ ఎక్కడా రాయలేదు. నేనూ చెప్పలేదు. నా తప్పు నాదేనండీ."

తర్వాత అడగాల్సిన ప్రశ్న ఆమెకు కాసేపు గుర్తురాలేదు.

గంగరాజు కేసు గెలిచాడు. పరిహారంలో చాలావరకు కంపెనీ మీద, కొంత హేమంత్ మీద పడింది. డీలర్‌షిప్ పోయింది. అయినా తీర్పు రోజు అతని మనసు తేలికగా ఉంది. స్కూటీ తీస్తున్న ఆమె దగ్గరికి వెళ్లి, నన్ను పెళ్లి చేసుకుంటారా అని అడిగేశాడు.

ఆమె పెట్టుకోబోతున్న హెల్మెట్‌ని చేతిలోనే ఉంచుకుంది.

"ఇన్నాళ్లూ అడక్కుండా మంచిపని చేసేరు. ముందే అడిగుంటే, సొంతమనిషి మీద వాదించకూడదు కాబట్టి నేను కేసు వదులుకోవాల్సొచ్చేదండీ."

ఆ మాటకర్థం తెలిసేలోపే ఆమె బండి స్టార్ట్ చేసి, వెనకాల కూర్చోమంది.

అమలాపురంలో ఆమె తండ్రి సూర్యారావుగారు అంతా విన్నారు. తన కూతురి చేతిలో ఓడినవాళ్లు ఇంత సంతోషంగా ఇంటికి రావడం ఎప్పుడూ చూడలేదని నవ్వి, అల్లుడికి కాఫీ తెమ్మని లోపలికి కేకేశారు.