కొలిమికి ఎన్ని మార్కులు

పాలు పొంగబోతుంటే ఆయన గిన్నెను ఉత్తచేతులతో పట్టుకుని దించేశాడు. పట్టుకారు పక్కనే ఉంది.

"అవి చేతులా, ఇనుపముక్కలా?" భార్య కసిరింది.

"నిప్పుతో కాపురం చేసేవాడికి ఇదొక లెక్కా?" అని నవ్వేశాడాయన.

బల్ల దగ్గర కూర్చున్న కూతురికి మాత్రం నవ్వు రాలేదు. గిన్నె కింద పెట్టాక కూడా తండ్రి దాన్ని వెంటనే వదల్లేదు. వదలాలని ఆయన చేతులకు తోచినట్టు లేదు.

ఆయన అగ్నిమాపక దళంలో పనిచేస్తాడు. మండే ఇంట్లోకి వెళ్లే వరసలో అందరికంటే ముందు ఆయనే. ఆయన భుజం మీద చెయ్యి వేసి వెనకే నడిచేది సొంత బావమరిది. కిందటి చలికాలంలో ఒక గోదాములో కాలుతున్న దూలం ఆయన చేతుల మీద పడింది. అప్పటినుంచీ ఇంటిపట్టునే ఉండి, గోళ్లు గిల్లుకుంటూ, కనిపించినవాళ్లందరి మీదా విసుక్కుంటున్నాడు. గాయాలు మానాయి, పనికి వెళ్లవచ్చని డాక్టరు చెప్పాడు. రేపే డ్యూటీ. అందుకే ఈ ఉదయం ఆయన మొహంలో కాస్త కళ వచ్చింది.

సెలవురోజు పొద్దున ఆ ఇంట్లో ఒక తంతు ఉంటుంది. మాటలు ఎక్కువని అందరూ పిచ్చుక అని పిలిచే ఆ కాలేజీ చదివే కూతురు, అనిమే అనే జపాను కార్టూన్లలోని వీరుల బలాలు, బలహీనతలు తూచి వీడియోలు చేస్తుంది. ఫోను బల్ల మీద నిలబెట్టి ఇంటిల్లిపాదిచేతా మార్కులు వేయిస్తుంది. తల్లి లెక్కల టీచరు కాబట్టి ఎంతటి వీరుడికైనా ఏడు దాటనివ్వదు. ఈ వారం వంతు, కొలిమి అని ఇంట్లో పేరు పెట్టుకున్న అనిమే కుర్రాడిది. వాడి అరచేతుల్లోంచి మంటలు వస్తాయి. కోపం పెరిగేకొద్దీ మంట పెరుగుతుంది. ఒళ్లు ఎంత కాలినా వాడికి నొప్పి తెలియదు.

"ఒళ్లంతా మంటలు పెట్టుకుని తిరుగుతాడు కదా, వాడి చొక్కా ఎందుకు కాలదే?" అంది నాయనమ్మ.

"అయితే మార్కులు చొక్కాకి వెయ్యాలమ్మా," అన్నాడాయన.

పిచ్చుక నవ్వింది గానీ ఆ నవ్వు నిలవలేదు. "వాడి బలహీనతేంటి నాన్నా?"

"గాలి. గాలి ఆడని గదిలో పెట్టి తలుపేస్తే మంట దానంతటదే చస్తుంది. మంటకి ఆరు మార్కులు వేసుకో. నొప్పి తెలియదు చూశావా, దానికి మాత్రం పది. అసలు బలం అదే."

"కాదు. అదే వాడి బలహీనత."

"అదెలా?"

"కాలుతోందని తెలియనివాడికి ఎక్కడ ఆగాలో కూడా తెలియదు. వాడు ఆగకపోతే వెనక వచ్చేవాళ్లు పోతారు."

ఆయన మొహంలో నవ్వు తగ్గింది. పిచ్చుక ఫోను ఆపేసి బోర్లా పెట్టింది. లేచి రెండు గాజుగ్లాసులు తెచ్చింది. ఒకదాన్లో అప్పుడే దించిన పాలు పోసింది, ఇంకోదాన్లో చన్నీళ్లు.

"కళ్లు మూసుకో నాన్నా. మండే ఇంట్లో తలుపు తీసేముందు తొడుగు తీసి, చేతి వెనకభాగం ఆనించి చూడాలని నువ్వే నేర్పావు కదా. తలుపు వేడిగా తగిలితే తియ్యకూడదు. వీటిల్లో ఏది వేడో అలాగే చెప్పు."

"నాకే పరీక్ష పెడతావా?"

"చెప్పరా, నీ సొమ్మేం పోయింది?" అంది నాయనమ్మ.

ఆయన విసురుగా కళ్లు మూసుకున్నాడు. ఒక గ్లాసుకి చెయ్యి ఆనించాడు, రెండోదానికి ఆనించాడు. మళ్లీ మొదటిదాని దగ్గరికొచ్చి చాలాసేపు ఉంచాడు.

"ఇదే," అన్నాడు.

అది చన్నీళ్ల గ్లాసు. ఆయన కళ్లు తెరిచాడు. పక్క గ్లాసులోంచి ఆవిరి లేస్తూనే ఉంది.

"డాక్టరు అడగలేదా?" భార్య అడిగింది.

"అడిగాడు. స్పర్శ తెలుస్తోందన్నాను."

"మీ వెనక నడిచేది మా తమ్ముడు కదండీ."

"తెలుసు." ఆయన బల్ల మీద గుద్దాడు. "నిజం చెబితే ఏం చేస్తారు? ఓ కుర్చీలో కూలేసి ఫోన్లెత్తమంటారు. ఈ చేతులు తప్ప నాకేం తెలుసు? ఇంట్లో కూచుని మీచేత అన్నం పెట్టించుకోనా?"

"నువ్వు రేపు అబద్ధం చెప్పి వెళ్తే," పిచ్చుక ఏడుస్తూనే అంది, "నేను స్టేషనుకొచ్చి అందరి ముందూ ఈ గ్లాసులు పెడతాను. నామీద కోపమొస్తే రానీ. నువ్వూ మామయ్యా ఇంటికి రావాలి, అంతే."

ఆయన లేచి వీధి తలుపు దగ్గరికి వెళ్లాడు. అలవాటు ఎక్కడికి పోతుంది, తీసేముందు చెయ్యి వెనకభాగం తలుపుకి ఆనించాడు. ఎండకి కాగిందో, నీడకి చల్లబడిందో ఆ చెక్క ఆయనకేమీ చెప్పలేదు. గోదాములో తన భుజం మీదున్న బావమరిది చెయ్యి గుర్తొచ్చింది. వాడు ఏనాడూ ఏ తలుపునీ తాకి చూసుకోలేదు. బావ చూశాడంటే చాలనుకునేవాడు. ఆ నమ్మకాన్నే తాను రేపు మంటల్లోకి తీసుకెళ్లబోయాడు.

అక్కడే నిలబడి బావమరిదికి ఫోను చేశాడు.

"ఒరేయ్, రేపు ముందు నువ్వు నడువు. నేను బయటుండి దారి చెబుతాను... కాదురా, భయం కాదు. తలుపు కాలుతోందో లేదో నా చేతికి తెలియడం లేదు. ఆఫీసరుకి పొద్దున్నే నేనే చెప్పుకుంటా."

అవతలినుంచి ఏం విన్నాడో గానీ, ఆయన పెదవి బిగబట్టి తలాడించాడు.

తిరిగొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. పిచ్చుక వెళ్లి ఆయన భుజానికి తల ఆనించింది. నాయనమ్మ పాలగ్లాసు తీసి కొడుకు చేతికి అందకుండా దూరంగా పెట్టింది. భార్య ఆయన పక్కన కూర్చుని చేతిమీద చెయ్యి వేసింది. ఆ సంగతి ఆయనకు కిందికి చూస్తే గానీ తెలియలేదు.

"నీ చెయ్యి వెచ్చగా ఉందా?" మెల్లగా అడిగాడు.

"లేదండీ," అంది ఆమె. "చల్లబడిపోయింది. ఇందాక భయపడ్డాను కదా."

ఆయన ఇంకో చెయ్యి కూడా తెచ్చి ఆమె చేతిమీద కప్పాడు. "వెచ్చబడ్డాక చెప్పు," అన్నాడు.