నూకరత్నం నడక

"ఇప్పుడు ఆ గుమ్మం దాకా నడవండి," అన్నాడు డాక్టర్ ఇమ్మాన్యుయేలు.

నూకరత్నం కుర్చీ చెయ్యి పట్టుకుని లేచింది. పుట్టినప్పుడు మెదడుకు ప్రాణవాయువు సరిగా అందకపోవడం వల్ల ఆమె కుడికాలు లోపలికి తిరిగి ఉంటుంది. అడుగు వేసినప్పుడల్లా భుజం ఎగురుతుంది, వేళ్లు వాటంతటవే ముడుచుకుంటాయి. మాట కూడా సాగుతుంది. ఆ పన్నెండు అడుగులు నడవడానికి అర నిమిషం పట్టింది. గుమ్మం పట్టుకుని నిలదొక్కుకున్నాక మానిటర్ వైపు చూసింది.

అందులో అదే ముఖం, అదే నీలం చీర. కానీ ఆ నూకరత్నం నిటారుగా, తేలిగ్గా నడిచి వెళ్లి గుమ్మానికి చెయ్యి ఆనించింది.

"అది నేనేనా డాక్టరు గారూ?"

"మీరే. ఒక్క అడుగు కూడా నేను కల్పించలేదు. మీరు ఎలా నడవాలనుకున్నారో అదే చూపించింది."

విశాఖపట్నం శివార్లలోని ల్యాబ్‌లో తయారైన ఆ యంత్రం పేరు సమరేఖ. నడవమని మెదడు ఇచ్చే ఆజ్ఞ నరాల గుండా కండరాలకు చేరాలి. నూకరత్నం లాంటివారిలో అది దారిలోనే చెదిరిపోతుంది. తలకు కట్టిన పట్టీలోని సెన్సర్లు ఆ ఆజ్ఞను చెదరకముందే చదువుతాయి. అది సరిగ్గా చేరి ఉంటే ఒళ్లు ఎలా కదిలేదో, గొంతు ఎలా పలికేదో కంప్యూటర్ లెక్కగట్టి, కెమెరా తీసిన బొమ్మను ఆ ప్రకారం దిద్దుతుంది.

అప్పటికి నూకరత్నం పదిహేనేళ్లుగా ఒక చిన్న నాటక సమాజంలో వేషాలు వేస్తోంది. సినిమా ఆఫీసులకు వెళితే కూర్చోబెట్టి టీ ఇచ్చేవారు. కళ్లు బాగా పలుకుతాయని మెచ్చుకుని పంపేసేవారు. ఒకే ఒక్కరు వేషం ఇస్తామన్నారు. అది గుడి మెట్ల మీద బిచ్చగత్తె వేషం.

సమరేఖ వచ్చాక ఎనిమిదేళ్లలో పదకొండు సినిమాలు చేసింది. లాయరుగా, ఈత కోచ్‌గా, రాణిగా. యంత్రం సంగతి ఎవరూ దాచలేదు, టైటిల్స్‌లోనే వేసేవారు. అయినా రెండు సినిమాలు గడిచేసరికి జనం మరిచిపోయారు. ఆమె కారు దిగితే అభిమానులు ఆమెను దాటి, వెనక ఎవరు దిగుతారా అని చూసేవారు.

పదకొండో సినిమా చూసి వచ్చిన తల్లి అప్పలనరసమ్మ, అన్నం వడ్డిస్తూ అంది: "బాగుందమ్మా. కానీ ఒక్కదాంట్లోనూ నిన్ను చూపించలేదేం?"

మర్నాడు నూకరత్నం నిర్మాత శేషగిరి దగ్గరికి వెళ్లింది. "ఒక్క సినిమా సమరేఖ లేకుండా చేస్తాను సార్. ఈ కాళ్లతో, ఈ గొంతుతో."

శేషగిరి మంచివాడే. ఒప్పుకున్నాడు. బస్ స్టేషన్ ఎంక్వైరీ కౌంటర్‌లో పనిచేసే, ఆమెలాంటి ఒక స్త్రీ కథ. షూటింగ్ జరిగిన నలభై రోజులూ నూకరత్నం పట్టీ కట్టుకోలేదు. కౌంటర్ నుంచి ప్లాట్‌ఫారం దాకా ఆమె నడిచే సీన్ తీసిన రోజు, లైట్లు పట్టుకున్నవాళ్లు కళ్లు తుడుచుకున్నారు.

ప్రివ్యూకి నూట యాభై మందిని పిలిచారు. వాళ్లు రాసిచ్చిన కాగితాలు శేషగిరి ఆమెకు చూపించకూడదనుకున్నాడు. ఆమె అడిగి తీసుకుంది.

'కాలు మరీ అంత తిప్పనక్కర్లేదు.' 'మంచి నటి, ఇందులో అతి చేసింది.' 'ఇలాంటివాళ్లను దగ్గరగా చూసి నేర్చుకోవాల్సింది.'

"నిజం చెబుదాం సార్. ఇది నా నడకేనని."

"రెండో ప్రివ్యూలో చెప్పామమ్మా. పబ్లిసిటీ కోసం అల్లిన కథ అన్నారు. థియేటర్ల వాళ్లు వెనక్కి తగ్గుతున్నారు." శేషగిరి, తాను పిలిపించిన డాక్టరు ఇమ్మాన్యుయేలు వైపు తిరిగాడు. "సమరేఖతో కొంచెం తగ్గించగలరా? పూర్తిగా వద్దు. జనం నమ్మేటంత ఉంచండి చాలు."

"నేను చెయ్యను," అన్నాడు ఇమ్మాన్యుయేలు. "ఆవిడ మనసులో ఉన్న నడకను పైకి తేవడానికి దాన్ని తయారుచేశాను. మీరడిగే నడక ఆవిడ మనసులోనూ లేదు, ఒంట్లోనూ లేదు."

నూకరత్నం ఆ కాగితాలు సర్దబోయింది. ముడుచుకున్న వేళ్లకు అవి ఒక పట్టాన అందలేదు.

"చెయ్యండి డాక్టరు గారూ," అంది చివరికి. "చెయ్యకపోతే ఆ కథ ఎవరికీ చేరదు."

పాత సినిమాలప్పుడు సమరేఖ దాచుకున్న ఆమె నడక లెక్కలతో ఆయన చేశాడు. తెరమీద ఆమె కుడికాలు కొద్దిగా, అందంగా జారింది. మాట అక్కడక్కడ మాత్రమే తడబడింది. సినిమా బ్రహ్మాండంగా ఆడింది. అప్పలనరసమ్మ ఆఖరిదాకా చూసి, కూతురి చెయ్యి పట్టుకుని థియేటర్ మెట్లు దిగింది.

రెండేళ్లు గడిచాయి. యాక్టింగ్ స్కూళ్లలో ఆ నడక ఒక పాఠమైంది. ఒక సాయంత్రం బొబ్బిలి నుంచి పైడితల్లి అనే ఇరవై రెండేళ్ల అమ్మాయి నూకరత్నం ఇంటికి వచ్చింది. ఆమెకూ పుట్టుకతో అదే లోపం.

"మీరు నాకు ఆ నడక నేర్పాలి మేడమ్," అంది, ఒక్కో మాటా కూడదీసుకుంటూ. "మూడు చోట్లకు వెళ్లాను. అవిటి పాత్రే, కానీ నా నడక సహజంగా లేదంటున్నారు."

నూకరత్నం ఆ నడక తనకూ రాదని చెప్పాలనుకుంది.

"ముందు నువ్వు నడువమ్మా. చూస్తాను."

పైడితల్లి లేచి కిటికీ దాకా నడిచింది. భుజం ఎగిరింది, మోకాలు మోకాలిని ఒరుసుకుంది, వేళ్లు గాల్లో మెలిపడ్డాయి. కిటికీ ఊచ పట్టుకుని, రొప్పుతూ, ఆశగా వెనక్కి తిరిగింది.

కొంచెం ఎక్కువ చేస్తోంది అనిపించింది నూకరత్నానికి. ఆ మాట ప్రివ్యూ కాగితాల్లో తన గురించే రాశారని ఆ తర్వాతే గుర్తొచ్చింది.