ముప్పై అడుగుల్లో ఎవరో

వెనక లైట్లు!

మళ్ళీ అవే లైట్లు!

థోరా యాక్సిలరేటర్ తొక్కింది. పికప్ ట్రక్కు వెనక భాగం ఒక్కసారిగా పక్కకి జారింది. రోడ్డంతా మంచు గట్టిపడి అద్దంలా ఉంది. స్టీరింగ్ మీద నుంచి ఒక్క చెయ్యి తీసినా గుంటలోకే!

సాయంత్రం అయిదే. కానీ డిసెంబర్‌లో, కెనడాలోని ఈ మానిటోబాలో, అయిదంటే అర్ధరాత్రితో సమానం.

స్టీరింగ్ మీది బటన్ నొక్కింది.

"రూనాకి కాల్ చెయ్!"

తెర మీద రూనా పేరు. కాల్ వెళ్ళింది. అవతల ఎత్తారు. సెకన్లు పరిగెడుతున్నాయి...

శబ్దం లేదు!

"రూనా! హలో! వినిపిస్తోందా?"

ఏమీ లేదు. వాల్యూమ్ చివరిదాకా తిప్పింది. లేదు. ఫోన్ లాగి చెవికి ఆనించుకుంది. అక్కడా లేదు! ఇంతలో బండి కుడివైపుకి లాగేసింది. ఫోన్ ఒళ్ళో పడేసి రెండు చేతులా స్టీరింగ్ పట్టుకుంది.

ఇది మూడోసారి. ఇంతకుముందే బ్లూటూత్ ఆపి మళ్ళీ వేసింది. ఫోన్ ఆపి మళ్ళీ వేసింది. ట్రక్కు పేరు ఫోన్లోంచి చెరిపేసి, మళ్ళీ కొత్తగా జత చేసింది. పాటలు పెడితే ట్రక్కు స్పీకర్లలో ఊరంతా వినిపించేలా మోగుతున్నాయి. కాల్ చేస్తే మాత్రం నోట్లో బెల్లం గడ్డ పెట్టుకున్నట్టు మౌనం!

పాడు బ్లూటూత్! ఈ ఒక్క రోజే దొరికిందా దీనికి?

రూనా ఆమె చెల్లెలు. రేపు పొద్దున విన్నిపెగ్ కోర్టులో సాక్ష్యం చెప్పాలి. చేపల ఫ్యాక్టరీకి నిప్పు పెట్టింది కర్టిస్ అని, కళ్ళారా చూశానని చెప్పాలి. ఆ మంటల్లో వాచ్‌మన్ కాలిపోయాడు. నిప్పు పెట్టినవాళ్ళు ఇద్దరు. రూనా చూసింది ఒక్క మొహమే. రెండోవాడు అటు తిరిగి ఉన్నాడు. కర్టిస్ జైల్లో ఉన్నాడు, ఆ రెండోవాడు మాత్రం దర్జాగా బయట తిరుగుతున్నాడు. రూనా కోర్టులో నోరు విప్పితే కర్టిస్ కూడా విప్పుతాడు. అందుకే రెండోవాడికి రూనా బతికుండకూడదు.

అందుకే రూనా గడ్డకట్టిన సరస్సు మీద దాక్కుంది. చలికాలం చేపలు పట్టేవాళ్ళ చెక్క గుడిసెలు అక్కడ వందకి పైనే. వాటిలో ఒకదాన్లో.

ఏ గుడిసె? అది థోరాకి కూడా తెలియదు. ఆ ఏర్పాటు థోరాదే!

"నా నంబర్ తప్ప ఎవరిదీ ఎత్తకు. ఎక్కడున్నావో మెసేజ్‌లో అస్సలు రాయకు, ఎవరి కంటైనా పడుతుంది. నేను సరస్సు మీదకి వచ్చి ఫోన్ చేస్తా. అప్పుడు గుడిసె రంగు చెప్పు, చాలు."

తన తెలివికి తనే మురిసిపోయింది నిన్న.

టింగ్!

మెసేజ్. రూనా!

"అక్కా, ఫోన్ చేసి మాట్లాడవేంటి? ఊపిరి మాత్రం వినిపిస్తోంది. భయమేస్తోంది."

ఊపిరా? తను గొంతు చించుకుని అరిచింది కదా!

పెట్రోల్ బంక్ దీపాలు కనబడగానే బండి లోపలికి తిప్పేసింది. వెనక లైట్లు కూడా తిరిగాయి. అయిపోయింది! ఆ బండి మెల్లగా వచ్చి పక్కనే ఆగింది...

రొట్టెల వ్యాను!

డ్రైవర్ దిగి, ముక్కు చీదుకుని, ట్రే ఎత్తుకుని లోపలికి పోయాడు.

ప్రాణం లేచొచ్చింది. నవ్వొచ్చింది. ఏడుపు కూడా వచ్చింది.

బంక్ నడిపే బెర్నీకి డెబ్బై దాటాయి. కౌంటర్ వెనక పెరోగీలు, అవే బంగాళాదుంప కుడుములు, తింటోంది.

"ఏంటమ్మాయ్, దెయ్యాన్ని చూసినట్టు ఆ మొహమేంటి?"

"ఫోన్, బెర్నీ. కాల్ కలుస్తుంది, మాట వినిపించదు. ట్రక్కులోనూ లేదు, చెవికి పెట్టుకున్నా లేదు."

"మీ ఆయన్నడగలేకపోయావా? మెషీన్లన్నీ ఆయనకి కొట్టిన పిండి కదా!"

"గ్లెన్ కర్లింగ్ ఆటకి పోయాడు. నేను సరుకులకి వెళ్తున్నానని చెప్పి వచ్చా."

"మొగుడితో అబద్ధాలా! ఇప్పటికి బాగుపడ్డావు." బెర్నీ చెవిలోంచి చిన్న మిషన్ తీసి చూపించింది. "ఇది చూశావా? వినికిడి మిషన్. ఫోన్‌కి తగులుకుని ఉంటుంది. మా ముసలాడు నా ఫోన్ ఎత్తితే వాడికేం వినిపించదు. మాటలన్నీ నా చెవిలోకే! నేను స్నానాల గదిలో ఉన్నా సరే. వాడి చెల్లెలు నన్ను తిట్టిన తిట్లన్నీ అలాగే విన్నా."

"అయితే?"

"అయితే ఏముంది, నీ ఫోన్ కూడా దేనికో తగులుకుని ఉంటుంది. ముందు తగులుకున్నదే మాటల్ని లాక్కుంటుంది. కాల్ చేస్తున్నప్పుడు ఆ స్పీకర్ బొమ్మ నొక్కి చూడు. ఎవరి చెవిలోకి పోతోందో పేరు పడుతుంది."

టింగ్!

"అక్కా, హీటర్‌లో గ్యాస్ అయిపోతోంది. చేతులు తిమ్మిరెక్కాయి. త్వరగా రా."

బయట మైనస్ ముప్పై! థోరా పరిగెత్తింది. పరిగెడుతూనే టైప్ చేసింది.

"వచ్చేస్తున్నా. నా ఫోన్ పాడైంది. మాట రాకపోయినా భయపడకు. అవతల ఉన్నది నేనే."

మెసేజ్ వెళ్ళింది.

సరస్సు!

రోడ్డు దిగి చక్రాలు మంచు మీదకి ఎక్కగానే కింద ఎక్కడో గుమ్మని మూలిగింది. చీకట్లో అక్కడక్కడా గుడిసెలు. ఎడమవైపు ఒడ్డు దగ్గర గుంపుగా కొన్ని. ఎదురుగా దూరంగా, వరస చివర ఒంటరిగా ఒకటి. నీలం గుడిసె. అది ముసలి కార్ల్‌ది. ఈ ఏడు ఆయన ఆస్పత్రిలో ఉన్నాడు, కాబట్టి ఖాళీ.

థోరా బండి ఆపింది. బెర్నీ మాట గుర్తొచ్చింది. రూనాకి చేస్తే మళ్ళీ హడలిపోతుంది. అందుకే తన వాయిస్ మెయిల్‌కే కాల్ కొట్టింది. నిశ్శబ్దం. స్పీకర్ బొమ్మ నొక్కింది.

ఫోన్. స్పీకర్. ట్రక్కు.

ఆ కింద ఇంకో పేరు. దాని పక్కన టిక్కు.

గ్లెన్ హెడ్‌సెట్!

మొగుడి హెడ్‌సెట్. మొన్న ఎండాకాలం ఆయన ఫోన్ నీళ్ళలో పడితే వారం పాటు ఈ ఫోనే వాడుకున్నాడు. అప్పుడు జత చేశాడు. అది బండిలో ఎక్కడైనా పడి ఉందేమో... డాష్‌బోర్డ్ సొరుగు వెతికింది. సీటు కింద వెతికింది. లేదు!

అసలు పడి ఉంటే చార్జింగ్ ఎప్పుడో అయిపోయేది. ఎవరో దాన్ని ఆన్ చేశారు. ఈ రోజే! పైగా ముప్పై అడుగులు దాటితే అది పని చేయదు. చుట్టూ మంచు తప్ప ఏమీ లేదు.

ఉన్నది ఈ బండి ఒక్కటే.

థోరా మెల్లగా అద్దంలోకి చూసింది. వెనక తొట్టి. దాని మీద నల్లటి గట్టి మూత.

దాని కింద మనిషి పడుకోవచ్చు.

ఊపిరి!

రూనా విన్నది ఆ ఊపిరే! రెండోవాడు... అటు తిరిగి ఉన్నవాడు... ఫ్యాక్టరీ తగలబడిన రాత్రి గ్లెన్ చొక్కాకి పొగ వాసన. "ఫ్రెండ్ ఇంట్లో చలిమంట వేశాం" అన్నాడు. తనే ఉతికింది ఆ చొక్కాని!

ఎంత గుడ్డిదాన్ని! ఎంత పిచ్చిదాన్ని!

ఏడవడానికి టైం లేదు.

పోలీసులకి ఫోన్ చేస్తే? వాళ్ళ మాటలు ముందు పడేది గ్లెన్ చెవిలోనే! హెడ్‌సెట్ తీసేస్తే? వాడి చెవిలో బీప్ వస్తుంది, తెలిసిపోతుంది. ఉత్తచేతుల్తో వచ్చి ఉండడు. వెనక్కి తిప్పి ఊళ్ళోకి పోతే? అప్పటికి రూనా గడ్డకట్టుకుపోతుంది.

వాణ్ణి బండి దింపాలి. వాడంతట వాడే దిగాలి!

వాడికి కావలసింది ఒక్క రంగు. అదే ఇద్దాం!

గ్లవ్స్ పళ్ళతో లాగేసి టైప్ చేసింది.

"ఇప్పుడు ఫోన్ చేస్తా. వినేది నేను కాదు, గ్లెన్! వాడే రెండోవాడు. దూరంగా చివర నీలం గుడిసెలో ఉన్నానని చెప్పు. అంతే చెప్పు. పెట్టేయ్."

సెండ్ నొక్కింది. ఇరవై దాకా లెక్కపెట్టింది. కాల్ చేసింది.

ఎత్తింది! సెకన్లు తిరుగుతున్నాయి. చెల్లెలు మాట్లాడుతోంది. ఆ మాటలు వెనక తొట్టిలో, మొగుడి చెవిలో... తనకి ఒక్క అక్షరం వినిపించదు.

కాల్ కట్టయింది.

మంచు. చీకటి. ఇంజన్ చప్పుడు.

టక్!

వెనక తలుపు!

బండి కొద్దిగా పైకి లేచింది, బరువు దిగినట్టు. థోరా తల తిప్పలేదు. అద్దంలో ఎర్రటి వెలుగు. అందులో ఒక ఆకారం వంగి నడుస్తోంది. ఎడమ భుజం కొంచెం ఎత్తు. పదిహేనేళ్ళుగా పక్కన పడుకున్న భుజం. చేతిలో పొట్టి తుపాకీ.

పో! నీలం గుడిసె దాకా పో! నువ్వు అంత దూరం పోయేలోపు నేను రూనాని ఎక్కించుకుని...

గ్లెన్ ఎడమవైపు తిరిగాడు.

ఎడమవైపు?

ఒడ్డు దగ్గరి గుంపు వైపు! నీలం గుడిసె ఎదురుగా ఉంటే వాడు అటెందుకు...

ట్రక్కు తెర వెలిగింది.

"ఫోన్ కనెక్ట్ అయింది," అంది స్పీకర్‌లో ఆడగొంతు, ఎంతో మర్యాదగా.

ముప్పై అడుగులు దాటాడు!

ఆ వెంటనే రింగ్. బండంతా దద్దరిల్లేలా రింగ్! థోరా బటన్ గుద్దింది.

"అక్కా! ఎక్కడ చచ్చావ్?" రూనా గొంతు. గంట నుంచి వినాలని తపించిన గొంతు. "ఇందాకే చెప్పా కదా, పసుపు గుడిసె అని! ఎడమవైపు, ఒడ్డు దగ్గర! ఇంకా రావేంటి?"

"నా మెసేజ్... మెసేజ్ చూడలేదా?"

"ఫోన్ పాడైందని పెట్టావ్, అదేగా?"

"దాని తరవాతది!"

"తరవాత ఏం రాలేదే?"

థోరా ఫోన్ చూసింది. తను పంపిన మాటల కింద చిన్న ఎర్ర గుర్తు. వెళ్ళలేదు! ఒక్క గీత సిగ్నల్‌లో కాల్ వెళ్ళింది, మెసేజ్ వెళ్ళలేదు. "అవతల ఉన్నది నేనే" అన్నది మాత్రం భేషుగ్గా వెళ్ళింది!

"అక్కా, టార్చి కనిపిస్తోంది. నువ్వేనా?"

"కాదు! తలుపు తీయకు! గడియ వెయ్యి!"

"ఉండు, కిటికీలోంచి... అమ్మయ్య! బావ! బావనీ తీసుకొచ్చావా? చెప్పవేంటి మరి!"

"రూనా, వాడే! ఆ రెండోవాడు వాడే!"

"ఏంటీ?"

"ఫ్యాక్టరీ దగ్గర అటు తిరిగి ఉన్నవాడు గ్లెన్! వాడి చేతిలో తుపాకీ ఉంది! గడియ వెయ్యి!"

గడియ పడిన చప్పుడు. ఆ తరవాత చెక్క మీద తట్టిన చప్పుడు.

"రూనా..." గ్లెన్ గొంతు, చెల్లెలి ఫోన్లోంచి. పండగ పూట పిల్లల్ని పిలిచే గొంతు. "నేనమ్మా, బావని. అక్క పంపింది. తలుపు తియ్యి."

థోరా యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కేసింది.

చక్రాలు గిరగిరా తిరిగి, మంచు చీల్చి, ఒక్క దూకు దూకాయి. హెడ్‌లైట్లలో పసుపు చెక్కలు. వాటి ముందు గ్లెన్. చెవిలో నీలంగా మెరుస్తున్న చుక్క.

వాడు ఇటు తిరిగాడు. భార్య బండిని చూశాడు. అర్థమైంది వాడికి! తలుపు వదిలి బండి వైపు రెండడుగులు వేసి తుపాకీ ఎత్తాడు.

"థోరీ, ఆపు!"

ముద్దు పేరు పెట్టి పిలిచాడు!

థోరా బ్రేక్ మీద కాలు పెట్టలేదు.

ఢాం!

బండి ముందు అద్దం మధ్యలో పగిలింది. చెవి పక్కన ఏదో చురుక్కుమంది. బండి ఆగలేదు. మంచు మీద ఆగమన్నా ఆగదు.

దబ్!

పికప్ గుడిసె మూలని రాసుకుని, గిర్రున తిరిగి, ఆగిపోయింది.

నిశ్శబ్దం.

"అక్కా?" స్పీకర్లలో రూనా. ఒక్కో అక్షరం స్పష్టంగా. "అక్కా, పలుకు! నీకేం కాలేదుగా?"

"లేదు."

"బావ తట్టడం లేదు. బావకేమైనా అయిందా?"

మిగిలిన ఒక్క హెడ్‌లైట్ వెలుగులో బూట్లు కనిపిస్తున్నాయి. కిందటి క్రిస్మస్‌కి థోరానే కొనిచ్చింది. అవి కదలడం లేదు.

"అయింది," అంది థోరా. "నేనే గుద్దేశాను."

"అక్కా..."

"తలుపు తీయకు. బయటికి చూడకు. పోలీసులు వచ్చాక, నేను చెప్పినట్టే నువ్వూ చెప్పాలి."

"ఏమని?"

థోరా స్టీరింగ్ వదల్లేదు.

"ఉన్నది ఉన్నట్టు. బ్రేక్ వెయ్యలేదని కూడా."