సున్నా ఫిర్యాదులు

రిత్విక్ ఏదీ పారేయడు. తెగిన చెప్పులు, మూతలేని ఫ్లాస్కు, నలభై ఏళ్లనాటి వాయుదోహిని, అన్నీ పెరట్లోనే. "ఆ సామాన్లతోబాటు ఈయన్నూ భరిస్తున్నా" అని ఆద్య వచ్చినవాళ్లకల్లా చెప్పుకునేది.

2078 నాటికి కదిరి బావుల్లో తేళ్లు తప్ప ఏమీ లేవు. గాలిలోని తేమను పాలు పితికినట్టు పితికి బిందెలు నింపే వాయుదోహినులే ఊరికి దిక్కు. వాటి సాఫ్ట్‌వేర్ ఎవరి సొత్తూ కాదు. లోకమంతా ఉన్న వాలంటీర్లు ఊరికే రాసి, ఊరికే పంచుతారు. యంత్రాలు గంటకోసారి దాన్ని దించుకుంటాయి. ఆ కోడ్‌కు పెద్దదిక్కు ఆద్య; ఆఫీసు, ఆమె వంటగది.

పాత యంత్రాలకు 'లిపిక-3' భాషే తెలుసు, కొత్తవాటికి 'లిపిక-4'. రెండు భాషల్లో రాయడమంటే ఒకే పూట ఉప్పుతో ఒక వంట, ఉప్పు లేకుండా ఒక వంట. అందుకే ఈ రోజు పన్నెండు గంటలతో లిపిక-3కు మంగళం.

పదకొండున్నర. ఆద్య కూర్చోలేదు, నిలవలేదు. పోపు మాడింది.

"వివరిణీ, మూడు వాడేవాళ్ల ఫిర్యాదులెన్ని?"

"సున్నా" అంది కోడ్‌ను కనిపెట్టుకుని ఉండే యంత్రం.

"మూడు నెలల ముందే చెప్పినాం కదా?"

"చెప్పాం. సున్నా."

"పెండ్లిలో అప్పడం విరిగితేనే అలిగే జనం. నీళ్లు ఆగుతాయంటే ఒక్కరూ తిట్టలేదా?"

"సున్నా అంటే సంతృప్తి అని మీరే నేర్పారు."

పన్నెండు కాగానే ఆద్య మూడును ఆపే మీట నొక్కేసింది.

ఒంటిగంటకు రిత్విక్ ఖాళీ బిందెతో వచ్చాడు. "మిషన్ నిల్చిపాయ."

"దాని కాలం తీరింది. వాడుతున్నానని ముందే చెప్పకూడదా?"

"నాదొక్కటేనా? కొండకింద పల్లెలో నూటముప్పై ఇండ్లకు అవే. మూడు నెల్లుగా అందరం ఫిర్యాదు మీట నొక్కుతానే ఉండాం."

"వివరిణీ?"

"ఫిర్యాదుల పెట్టె రెండేళ్లుగా లిపిక-4లోనే వింటోంది. మూడువాళ్లు మరీ సతాయిస్తున్నారని మీరే మార్చారు."

"మీరైనా నాకు నోటితో చెప్పచ్చు గదా!" అని మొగుడి మీదికి తిరిగింది.

"చెప్తే? ఇరవై ఏండ్ల కిందట రసం పులుపెక్కువైందంటిని. ఆపొద్దు నువ్వు తిట్టిన తిట్టుకు మళ్లీ నోరెత్తినానా?"

"నచ్చిందనుకున్నా!"

ఖాళీ బిందె ఇద్దరి మధ్యా ఉంది. కొండకింద అలాంటివి నూటముప్పై.

"వివరిణీ, మూడును తిరిగి పెట్టు. ఫిర్యాదుల పెట్టె కూడా మూడును వినాలి."

"రెండు గంటలకల్లా నీళ్లొస్తాయి. మార్పు పక్కన కారణం రాయాలి. ఎప్పటిలాగే 'సాంకేతిక కారణాలు' అననా?"

"వద్దు" అంది ఆద్య. గొంతు సవరించుకుంది. "తప్పు నాదని రాయి."

"కొంచెం గట్టిగా" అన్నాడు రిత్విక్. "నా చెవులకు కూడా పాత వర్షనే."

"తప్పు నాదేనండీ! రసంతో సహా."