దొర పోశాడా?

వానలో తడిసి ముద్దయి, బుట్టలో పిల్లితో పశువుల క్లినిక్‌కి వచ్చాడు టైలర్. దొరకి విరేచనం కావడం లేదని, నిన్నటి నుంచి ఇసుక తొట్టిలో కూర్చుని ముక్కుతున్నాడని, అమ్మమ్మ చెంచాడు ఆముదం పట్టించిందని గబగబా చెప్పాడు. దొర అంటే ఆ బుట్టలోని మగపిల్లి.

డాక్టరమ్మ ఉద్యోగంలో చేరి ఎన్నాళ్ళో కాలేదు. ఆ రోజు పెద్ద డాక్టరు సెలవు. పిల్లి పొట్ట కింద చెయ్యి పెట్టగానే ఆమె మొహం మారిపోయింది. లోపల ఏదో నిమ్మకాయలా గట్టిగా తగిలింది.

"ఇది మలబద్ధకం కాదు. ఉచ్చ ఆగిపోయి సంచీ నిండిపోయింది. నిన్నటి నుంచి చూస్తూ కూర్చున్నారా?"

"నాకేం తెలుసండీ? బట్టలు కుట్టుకునేవాణ్ణి."

ఆముదం పొయ్యడం మాత్రం తెలుసు, అని ఆమె గొణిగింది. అతనికి ఒళ్ళు మండింది. కానీ దొర అరవడం కూడా మానేసి వాలిపోయి ఉన్నాడు. కోపం గొంతులోనే ఆగిపోయింది.

మగపిల్లికి ఉచ్చదారి బాగా సన్నమని, ఇసుకరవ్వంత అడ్డుపడినా లోపలి విషం గుండెకెక్కుతుందని ఆమె వివరించింది. మత్తిచ్చి గొట్టం వెయ్యాలంది.

"బతుకుతాడా? వాడు తినందే మా అమ్మమ్మ ముద్ద ముట్టదండీ."

"మాటివ్వలేను. చెయ్యి మాత్రం వదలను."

తలుపు అద్దంలోంచి అతను చూస్తూనే ఉన్నాడు. మొదటి గొట్టం ఎక్కలేదు. రెండోదీ ఎక్కలేదు. ఆమె వేళ్ళు వణికాయి. కళ్ళు మూసుకుని, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ వంగింది. అంతవరకూ పిల్లి కోసమే మొక్కుకుంటున్నవాడు ఆ వేళ్ళ కోసం కూడా మొక్కుకున్నాడు.

చివరికి ఆమె బయటికి వచ్చి గోడకి ఆనుకుంది. అడ్డు తొలగిందని, కానీ గుండె ఇంకా నెమ్మదిగానే కొట్టుకుంటోందని, గండం గడవలేదని చెప్పింది.

"మిమ్మల్ని అలా అని ఉండాల్సింది కాదు. భయమేసింది," అంది.

"నాకు ఇప్పటికీ వేస్తోంది," అన్నాడతను.

దొర కోలుకుని ఇల్లు చేరాడు. మళ్ళీ అడ్డుపడొచ్చని ఆమె హెచ్చరించడంతో అతను రోజూ ఫోన్ చేసి కబురు చెప్పేవాడు. ఒకరోజు పనిలో పడి మరిచిపోతే ఆమే చేసింది. "దొర పోశాడా?" గొంతులో కంగారు. పోశాడని చెప్పాక కూడా ఇద్దరిలో ఎవరూ ఫోన్ పెట్టలేదు.

అలా ఆ మాట మీదే నెలలు గడిచాయి. మనసులో మాట చెప్పెయ్యరా అని అమ్మమ్మ పోరితే, ఆవిడెక్కడ నేనెక్కడ, ఉన్న పలకరింపు కూడా పోతుందని అతను నీరుగారిపోయేవాడు.

ఒక సాయంత్రం ఫోన్ మోగితే అమ్మమ్మే ఎత్తింది.

"దొర బానే ఉన్నాడమ్మా. మావాడికే బాలేదు. అన్నం సయించదు, నిద్ర పట్టదు, పిలిస్తే పలకడు. ఏం జబ్బంటావ్?"

 అతను కత్తెర పట్టుకుని బొమ్మలా నిలబడిపోయాడు.

"అతన్నొకసారి పిలవండి అమ్మమ్మా," అంది డాక్టరమ్మ మెల్లగా. "నాకూ అవే లక్షణాలు."